రీయూనియన్ దీవి రికార్డు గదిలో పదకొండు ఉదయాలు

ముప్పై మూడేళ్లు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లో, దస్తావేజుల సంపుటాల మధ్య బతికినవాడిని. పదవీ విరమణ చేశాక మళ్లీ రికార్డు గది గడప తొక్కనని మా ఆవిడకు మాటిచ్చాను. ఆ మాట పద్నాలుగు నెలలు నిలబడింది.

మా అమ్మాయి, అల్లుడు రీయూనియన్ దీవిలో ఉద్యోగాలు చేస్తున్నారు. మారిషస్ నుంచి విమానంలో ముప్పావు గంట. హిందూ మహాసముద్రం మధ్యలో ఉన్నా అది ఫ్రాన్సే. 1946 నుంచి ఆ దేశంలో ఒక డిపార్ట్‌మెంటు, మన లెక్కలో జిల్లా అనుకోవచ్చు. మూడు నెలలు ఉందామని వెళ్లాం. పది రోజుల్లో సముద్రం అయిపోయింది, అగ్నిపర్వతం అయిపోయింది. మనవడు బడికి వెళ్లాక కీచుమనే తలుపులు వెతుక్కుంటూ నూనె సీసా పట్టుకుని ఇల్లంతా తిరిగేవాణ్ణి. చూసి చూసి మా అమ్మాయి ఒక పొద్దున, "నాన్నా, నీకు సరిపడే చోటు ఒకటుంది, పాస్‌పోర్టు తీసుకుని కారెక్కు" అంది. దీవి రాజధాని సెయింట్ డెనిస్ ఊళ్లోనే షాం ఫ్లూరి అనే పేటలో, పాత ప్రభుత్వ కాగితాలు దాచే డిపార్ట్‌మెంటు ఆర్కైవ్స్ దగ్గర దింపింది. మా ఆవిడ వెనక సీట్లోంచి ఏమీ అనలేదు. ఆ మౌనం నాకు తెలుసు.

ఆ తరవాత పదకొండు ఉదయాలు అక్కడే గడిపాను. మన వాళ్లు ఎవరైనా ఆ దీవికి వెళ్తే పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు రుసుము సంగతి. ఒక్క పైసా లేదు. ఫ్రాన్సులో ప్రభుత్వ కాగితాలు పౌరులకు తెరిచి ఉండాలన్న చట్టం విప్లవ కాలంలో, 1794లోనే వచ్చింది. రెండేళ్లు తిరిగేసరికి 1796 అక్టోబరులో ప్రతి డిపార్ట్‌మెంటుకూ ఒక ఆర్కైవ్స్ ఉండాలని ఇంకో చట్టం. గుర్తింపు పత్రం చూపిస్తే పాఠకుడి కార్డు ఇస్తారు. ఏ దేశం వాడివి, ఎందుకు చూస్తావు, ఆస్తిలో నీకేమి వాటా ఉంది అన్న ప్రశ్నలు లేవు. మన దగ్గర నకలు కోసం వచ్చినవాణ్ణి నేను ఎన్ని ప్రశ్నలు వేశానో తలుచుకుంటే కాస్త సిగ్గేసింది.

ఫ్రెంచి ఆర్కైవ్సులు అన్నిటిలో ఉండే పద్ధతే ఇక్కడా. సంచీ బయట పెట్టాలి. సిరా కలం లోపలికి రాకూడదు, పెన్సిలే. ఫ్లాష్ లేకుండా ఫోనుతో ఫొటో తీసుకోవచ్చు. నేను మొదటి రోజే తప్పు చేశాను. జేబులో పెన్ను ఉండటం కాదు, అది వాళ్లే చూసి నవ్వుతూ తీసుకుని పెన్సిల్ ఇచ్చారు. అసలు తప్పు ఆ తరవాత జరిగింది. సంపుటం ముందుకు రాగానే, ముప్పై మూడేళ్ల అలవాటు, చూపుడు వేలు నాలుకకు తాకించి పేజీ తిప్పబోయాను. ఎదుటి బల్ల దగ్గర చదువుకుంటున్న ఒక పెద్దావిడ నా వేలి వైపు చూసిన చూపు, తాచుపామును చూసిన చూపు. ఆ వేలిని ఏమి చేయాలో తెలియక కాసేపు గాలిలో పట్టుకుని కూర్చుని, చివరికి చొక్కాకు తుడుచుకున్నాను. నేను తడి వేలితో తిప్పిన పుటలు మా జిల్లాలో ఎన్ని వేలున్నాయో దేవుడికే తెలియాలి.

ఇక అసలు సంగతి, అక్కడ ఏమున్నాయి, ఎలా దొరుకుతాయి అన్నది.

"తెలుగువాళ్ల మీద ఉన్న కాగితాలన్నీ ఇవ్వండి" అని అడిగితే దొరకవు. ఇది ముందే తెలుసుకుంటే రెండు రోజులు కలిసొస్తాయి. నాకు తెలియక ఆ రెండు రోజులూ పోయాయి. 1841 నుంచి ఫ్రెంచివాళ్లకు ఒక సూత్రం ఉంది. ఏ కార్యాలయంలో పుట్టిన కాగితం ఆ కార్యాలయం కట్టలోనే ఉండాలి, విషయాన్ని బట్టి విడదీసి కలపకూడదు. కాబట్టి మనిషి కోసం కాకుండా ఆ మనిషి ఏ గుమాస్తా ముందు నిలబడి ఉంటాడో ఆ గుమాస్తా కోసం వెతకాలి. ఓడ దిగినప్పుడు వలస కార్యాలయం. పెళ్లయితే, బిడ్డ పుడితే, పోతే పురపాలక కార్యాలయం. భూమి కొంటే నోటరీ. పారిపోతే పోలీసు. ఒకే మనిషి నాలుగు కట్టల్లో నాలుగు రకాల స్పెల్లింగులతో ఉంటాడు. మన రిజిస్ట్రేషన్ల శాఖలో పేర్లకు ఒక ఇండెక్సు, ఆస్తులకు ఒక ఇండెక్సు ఉంటాయి కదా, పేరు చెబితే సంపుటం నంబరు వచ్చేస్తుంది. అక్కడ జనన, వివాహ, మరణ రిజిస్టర్లకు మాత్రం అలాంటి సుఖం ఉంది: పదేళ్లకొకసారి పేర్లన్నీ అక్షర క్రమంలో వేసిన పట్టికలు. మిగతావాటికి జాబితాలు చదువుకోవాల్సిందే.

దీవికి ఉన్న పేర్లు ఇంకో చిక్కు. 1793 దాకా బుర్బోన్, విప్లవంలో రీయూనియన్, 1806లో నెపోలియన్ పేరు మీద బోనపార్ట్, 1810లో ఇంగ్లీషువాళ్లు పట్టుకున్నాక మళ్లీ బుర్బోన్, 1848 నుంచి మళ్లీ రీయూనియన్. కాగితం తలకట్టులో ఉన్న పేరు చూసి కాలం చెప్పేయవచ్చు. మన స్టాంపు కాగితాల మీద రాణి బొమ్మా, రాజు బొమ్మా చూసి ఏడాది పోల్చుకున్నట్టే.

భాష సంగతి అడుగుతారు. మాది యానాం పక్కనే. చిన్నప్పుడు నేర్చుకున్న ఫ్రెంచిలో మూడొంతులు మరిచిపోయాను. అయినా భయపడలేదు, ఎందుకంటే దస్తావేజు భాష లోకమంతా ఒకటే. "ఫలానా సంవత్సరం, ఫలానా తేదీ, ఉదయం ఇన్ని గంటలకు, మా ఎదుటికి హాజరై" అని మొదలవుతుంది. సంవత్సరం అంకెల్లో కాదు, అక్షరాల్లో ఉంటుంది, దిద్దడానికి వీల్లేకుండా. నాలుగు పుటలు చదివితే అయిదో పుటలో పేర్లు తప్ప మిగతాదంతా కళ్లు వాటంతటవే దాటేస్తాయి. ఫ్రెంచి అసలే రానివాళ్లు మాత్రం తోడుగా ఒకరిని తీసుకెళ్లండి. జాబితాలూ చీటీలూ అన్నీ ఆ భాషలోనే.

మూడో రోజు జనాభా లెక్కలు చూశాను. బానిసత్వం ఉన్న కాలంలో ప్రతి యజమానీ తన దగ్గర ఉన్న మనుషుల పట్టిక ఇచ్చుకోవాలి. పేరు, వయసు, ఆడా మగా. మధ్యలో ఒక గడి తలకట్టు చదివి ఉలిక్కిపడ్డాను: కులం. తీరా కింద చూస్తే క్రియోల్, మలగాసీ, కాఫ్ర్, ఇండియన్. ఎక్కడ పుట్టాడన్నదే వాళ్ల దృష్టిలో కులం. అంటే దీవిలో పుట్టినవాడా, మడగాస్కరు వాడా, ఆఫ్రికా వాడా, మన వాడా అని. ఇంటిపేరు గడి లేదు, ఎందుకంటే వాళ్లకు ఇంటిపేరు ఉండేది కాదు. 1848 డిసెంబరు 20న బానిసత్వం రద్దయినప్పుడు సుమారు 62,000 మందికి అధికారులు కూర్చుని ఇంటిపేర్లు పెట్టారు. ఆ పేర్ల రిజిస్టర్లు విడిగా ఉన్నాయి. మొదటి పుటలు చదివి మూసేశాను. ఎంత రాసినా తరగని వరస అది, ఒకే చేతిరాతలో.

మన కథ రద్దుకు ఇరవై ఏళ్ల ముందే మొదలైంది. 1828లో లా తుర్క్వాజ్ అనే ఓడ యానాం నుంచి 15 మంది కూలీలను తెచ్చి ఈ దీవిలో దింపింది. కాగితాల్లో వాళ్ల జాతి తెలింగా అని ఉంటుంది. మన తెలుగే. రెండు మూడేళ్లలో ఆ సంఖ్య సుమారు మూడు వేలయింది, తరవాత ఆ ఏర్పాటు చెడింది. రద్దు తరవాత చెరకు తోటలకు మళ్లీ మనుషులు కావలసి వచ్చారు. 1860లో ఇంగ్లీషువాళ్లతో ఒప్పందం కుదిరింది. అయిదేళ్ల ఖరారు, గడువు తీరాక తిరుగు ప్రయాణం ఉచితం అని రాత. తోటల్లో జరుగుతున్న అన్యాయం చూసి 1882లో ఇంగ్లీషువాళ్లే పంపడం ఆపేశారు. మొత్తం మీద లక్షకు పైగా మనుషులు వచ్చారు. లా పొసెసియాన్ అనే ఊరికీ రాజధానికీ మధ్య సముద్రపు ఒడ్డున గ్రాండ్ షలూప్ అనే చోట, అంటురోగాల భయంతో వాళ్లను మొదట విడిగా ఉంచిన లాజరే కట్టడాలు ఇప్పటికీ ఉన్నాయి. ఓ ఆదివారం చూసి వచ్చాం. వీలైతే మీరూ చూడండి, పెద్ద సమయం పట్టదు.

వచ్చిన ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చేవారు. మాత్రికుల్ అంటారు. పెళ్లి కాగితంలో, చావు కాగితంలో, బిడ్డ పుట్టిన కాగితంలో పేరు పక్కనే ఆ నంబరు ఉంటుంది. రికార్డులు రాసి బతికినవాడిగా చెబుతున్నాను, ఆ నంబరు పద్ధతి గట్టిది. పేరు మారినా, స్పెల్లింగు మారినా, తోట యజమాని మారినా నంబరు మారదు. మనిషిని నంబరు చేశారని బాధపడాలో, ఆ నంబరు వల్లే ఈనాడు దొరికాడని సంతోషించాలో నాకు తేలలేదు.

నాకు అక్కడ వెతుక్కోవాల్సిన తాతలు ఎవరూ లేరు. మా వాళ్లు గోదావరి దాటడానికే నెల రోజులు ఆలోచించేవారు. ఆరో రోజు నుంచి నేను వెతికింది పక్కింటాయన తాతల కోసం.

ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్లు. ఇంటి ముందు మునగ చెట్టు ఉంది. దాన్ని మురుంగ్ అంటాడు, వంకాయను బ్రెంజెల్ అంటాడు. భారతదేశం నుంచి వచ్చిన హిందువుల సంతతినంతా ఆ దీవిలో మల్బార్ అంటారు. తమిళమా తెలుగా అన్న తేడా ఆ ఒక్క మాట కింద ఎప్పుడో కలిసిపోయింది. గుడిలో మంత్రం, పాట అన్నీ తమిళమే కాబట్టి తమ పెద్దలు తమిళులని ఆయన నమ్మకం. పక్కనున్న మారిషస్‌లో తెలుగువాళ్లు తమ పేరు తాము నిలుపుకున్నారు గానీ, ఇక్కడ ఆ మాటే చాలామందికి తెలియదు. నేను రోజూ ఆర్కైవ్స్‌కు పోతున్నానని విని, ఆయన పాత పంచాంగం వెనక రాసుకున్న ఒక తేదీ తెచ్చి ఇచ్చాడు: వాళ్ల తాత పుట్టిన రోజు. ఊరు సెంత్ సుజాన్.

తేదీ ఉంటే చాలు. పదేళ్ల పట్టిక, అందులోంచి జనన రిజిస్టరు, అందులో తండ్రి పేరు, పక్కన అయిదంకెల నంబరు. నంబరు పట్టుకుని వెనక్కి వెళ్తే 1883లో ఆ తండ్రి పెళ్లి. నాకు రెండు ఉదయాలు పట్టింది. చేయి తిరిగినవాళ్లకు గంట పని.

ఆ పెళ్లి కాగితం ముందు నేను చాలాసేపు కూర్చున్నాను. నల్ల సిరా గోధుమ రంగుకు తిరిగింది. గుమాస్తా చేతిరాత కుడివైపుకు వాలి, ప్రతి మాట చివర తోక సాగదీసినట్టుంది. పెళ్లికొడుకు పేరు నేను రాయను, అది ఇప్పుడు వాళ్ల ఇంటిపేరు. పుట్టిన చోటు విశాఖపట్నం; దాన్ని గుమాస్తా రెండుసార్లు రాసి రెండుసార్లూ వేరు వేరుగా రాశాడు. దాని తరవాత, "ఫలానా వాడి కొడుకు" అన్నచోట ఎనిమిది ఇంగ్లీషు అక్షరాలు: ఎన్, ఓ, యూ, సి, ఏ, డి, ఓ, యూ.

ఇక్కడే మన చెవి పనికొస్తుంది. ఆ గుమాస్తాకు మన భాష రాదు. వినపడింది వినపడినట్టు తన లిపిలో పెట్టాడు. కాబట్టి అతని చెవి ఎలా పనిచేసిందో తెలుసుకుంటే మన పేరు మనకు తిరిగొస్తుంది. ఫ్రెంచిలో ఉకారం పలకాలంటే ఓ, యూ రెండూ కలిపి రాయాలి. రెండు అచ్చుల మధ్య ఒక్క ఎస్ ఉంటే సకారం పలకదు, తేనెటీగ రొదలా పలుకుతుంది. అందుకే ఆ దీవిలో ప్రతి రామసామిలోనూ రెండు ఎస్‌లు కనిపిస్తాయి. సి, హెచ్ కలిస్తే షకారం కాబట్టి చకారం కావలసినప్పుడు ముందు ఒక టి తగిలిస్తారు; లచ్చిమి అనే పేరు అలా రాసి ఉంటుంది. లక్ష్మి కాదు, లచ్చిమి. ఆ కూలీ తన పేరు ఎలా చెప్పుకున్నాడో అలా. మన దగ్గర పంతులుగారు పలక మీద దిద్దించిన రూపం కాగితాల్లోకి ఎక్కింది, అక్కడ నోటి మాట ఎక్కింది. నూటనలభై ఏళ్ల కిందటి ఉత్తరాంధ్ర ఉచ్చారణ వినాలంటే ఫ్రెంచి రిజిస్టరు చదవాలి, చూడండి.

సామి, అమ్మ అన్నవి చూసి ఏమీ తేల్చలేం, అవి తమిళులకూ ఉన్నాయి. అప్పల అని ఉంటే సందేహం అక్కర్లేదు, సింహాద్రి అప్పన్న దీవెన. పైడి, పోలి కనిపించినా మన వైపే చూడాలి. ఇక ఆ ఎనిమిది అక్షరాలను రెండుసార్లు పైకి చదివాను, గదిలో ఎవరికీ వినపడకుండా. నూకడు.

నూకాలమ్మ పేరు పెట్టుకున్న మనిషి. తమిళుడు కాడు. కొడుకును ఓడ ఎక్కించి, ఆ దీవిని ఎన్నడూ చూడకుండానే పోయి ఉంటాడు. అతని పేరు అతని సొంత జిల్లాలో ఏ కాగితం మీదైనా ఉందా అంటే నాకు అనుమానమే. సెంటు భూమి లేనివాడి పేరు మా ఇండెక్సుల్లోకి ఎక్కదు. ఉన్నవాళ్ల పేర్లకైనా పూచీ లేదనుకోండి. నేను పనిచేసిన ఒక ఊళ్లో, పేరు ఎందుకు లెండి, బీరువా తెరిస్తే 1920ల సంపుటాలు రెండు అట్టల మధ్య మట్టిగా మిగిలాయి. చెదలు అక్షరం వదలకుండా చదివేశాయి.

ఫ్రెంచివాళ్లు దీనికి ఒక ఉపాయం చేశారు. 1776లో వెర్సాయి నుంచి ఒక శాసనం వచ్చింది. వలస రాజ్యాల్లో తుపానులు, తేమ, పురుగులు ఎక్కువ కాబట్టి అక్కడ రాసే జనన మరణాల రిజిస్టర్లకు అదనంగా ఇంకో ప్రతి రాసి ఓడలో ఫ్రాన్సుకు పంపాలని. ఆ ప్రతులు ఇప్పుడు దక్షిణ ఫ్రాన్సులోని ఎక్స్ అన్ ప్రొవాన్స్ ఊళ్లో, సముద్రాంతర జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. పాత రిజిస్టర్లను వాళ్లు ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. రీయూనియన్‌వి ఉన్నాయి, పుదుచ్చేరి, కారైకాల్, మాహే, మన యానాం రిజిస్టర్లు కూడా ఉన్నాయి. ఊరు, సంవత్సరం ఎంచుకుంటే పుటల ఫొటోలు వస్తాయి, ఒక్కొక్కటీ తిప్పుకోవాలి. అంటే నేను కాకినాడలో మంచం మీద కూర్చుని చూడగలిగిన కాగితాన్ని చూడటానికి సముద్రం దాటాను. సంగతి తెలిశాక మా ఆవిడ చాలా ఆనందించింది. కానీ వలస కార్యాలయం కట్టలు, నోటరీల దస్తావేజులు, తోటల లెక్కలు కావాలంటే షాం ఫ్లూరి గుమ్మం ఎక్కాల్సిందే. కాబట్టి జననాలూ వివాహాలూ ఇంట్లోనే చూసుకుని, తేదీలు, నంబర్లు రాసుకుని వెళ్లండి. ఉత్త చేతులతో వెళ్తే నాలా రెండు రోజులు గోడలు చూడాలి.

ఇంకో నియమం. జనన, వివాహ రిజిస్టర్లు 75 ఏళ్లు దాటితేనే అందరికీ చూపిస్తారు, మరణాలవి 25 ఏళ్లకే. పక్కింటాయన చెల్లెలి జనన పత్రం కూడా చూసిపెట్టమంటే అందుకే కుదరలేదు. బతికున్న మనిషి గుట్టు బతికున్నంత కాలం దాచడం నాకు సబబే అనిపించింది.

మార్కులు వేయమంటారా. భద్రతకు పూర్తి మార్కులు. మర్యాదకు కూడా, నా ఫ్రెంచిని ఓపిగ్గా విన్నవాళ్లకు అంతకంటే ఎక్కువే ఇవ్వాలి. సులువుకు మాత్రం సగం, ఆ సగం కోత ఆ కార్యాలయానికి కాదు, రెండు వందల ఏళ్ల కాగితాన్ని గంటలో పిండేద్దామని వచ్చే మనలాంటి వాళ్లకు. పనివేళలు బయలుదేరే ముందు చూసుకోండి. చలువ గదిలో కూర్చోవాలి, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. భూతద్దం నేను తీసుకెళ్లలేదు, తీసుకెళ్లవలసింది.

పదకొండో రోజు సాయంత్రం ఫొటో తీసిన కాగితాన్ని పక్కింటాయనకు చూపించాను. మా అమ్మాయి మాటకు మాట చెప్పింది. తమిళం కాదు, తెలుగు అన్నప్పుడు ఆయన పెద్దగా ఆశ్చర్యపోలేదు. అలాంటి భాష ఒకటుందని ఆయనకు అప్పుడే తెలిసింది, ఇక ఆశ్చర్యం ఎక్కడిది. లోపలికి వెళ్లి భార్యనూ, కొడుకునూ పిలుచుకొచ్చాడు. ఆ పేరు అసలు లిపిలో ఎలా ఉంటుందో రాసి చూపమన్నాడు.

ఆర్కైవ్స్‌లో ఇచ్చిన పెన్సిలు పొరపాటున నా జేబులోనే వచ్చేసింది, దానితోనే రాయబోయి ఆగాను. ఎదురుగా డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, అది ఆయన ముత్తాత తండ్రి పేరు. 'డు' తీసేసి నూకయ్య అని రాయనా అనిపించింది. రాస్తే వద్దనేవాళ్లు ఎవరూ లేరు. కానీ నకలు అంటే ఉన్నది ఉన్నట్టు దించడం. ముప్పై మూడేళ్లు దానికే జీతం తీసుకున్నాను. నూకడు అని పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చాను.

ఆయన కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకుని వేలితో లెక్కపెట్టాడు. తరవాత నా ఫోనులోని ఫొటోలో లెక్కపెట్టాడు. మళ్లీ కాగితం చూశాడు. అక్కడ ఎనిమిది ఉన్నాయి, ఇక్కడ మూడే ఉన్నాయి, మిగతా అయిదూ ఏమయ్యాయని అడిగాడు.